ఎర్ర బండి వెనక కొక్కెం

జనవరి 27, సోమవారం

రంగుల దుకాణం వాళ్ళు ఏటా ఇచ్చే డైరీలో మా ఆయన గిరాకీల ఫోన్ నంబర్లు తప్ప ఏమీ రాయరు. ఈసారిది నేను తీసుకున్నాను. మొన్నటి నుంచి దువాకు చేతులెత్తితే మాట రావడం లేదు. అరబ్బీలో నేర్చుకున్నవి వస్తున్నాయి, నా సొంత మాటే రావడం లేదు. ఉర్దూ చదవగలను గానీ రాయలేను. పదో తరగతి దాకా తెలుగు మీడియమే. తెలుగులో, కాగితం మీద అయినా వస్తుందేమో చూద్దామని మొదలుపెట్టాను.

శనివారం మా అబ్బాయి మొహసిన్ ట్రాలీలో మిర్చి కోతకు పోతున్న కూలీలు వాగు మలుపు దగ్గర కింద పడ్డారు. వెనక డాలా, అదే వెనకవైపు రేకు తలుపు, తెరుచుకుందట. కొందరికి దెబ్బలు. గూడెంలో ఉండే నాగక్క కూతురు బాలికి నడుము దగ్గర ఎముక విరిగింది. కొత్తగూడెం దవాఖానాలో ఉంది. ప్రాణాలు పోలేదు. నా కొడుకు ఒంటి మీద గీత కూడా పడలేదు. అందుకు శుక్రియా అని నమాజ్ రెండు రకాత్‌లు చదివాను. రాస్తుంటే సిగ్గుగా ఉంది, కానీ చదివాను.

నిన్న అల్మారాలో నేను చేసిన బొమ్మ బండ్లకు దుమ్ము దులిపాను. ఎర్ర బండి మీద చిన్న పని ఉంటే చేశాను.

జనవరి 28

బండ్లకు రంగులేసే మా షెడ్డుకు ఎవరూ రాలేదు. మా ఆయన ఊరికే కంప్రెసర్ తుడుస్తూ కూర్చున్నారు.

జనవరి 30, గురువారం

గూడెం పెద్దమనిషి పగిడయ్య వచ్చాడు. ట్రాలీ చుట్టూ తిరిగి, వెనక డాలా కొక్కెం ఎత్తాడు, దించాడు. గోటితో గీకి వాసన చూశాడు.

"రంగు ఇంకా పచ్చిగున్నది మహబూబ్ భాయ్."

తుప్పు పడితే కొట్టినం, కొక్కెం పాతదే అన్నారు మా ఆయన. మొహసిన్ నేల చూస్తూ నిలబడ్డాడు.

బాలి దవాఖానాలో ఒకటే మాట చెబుతోందట. అక్కడ కొక్కెం లేదు, కట్టుతీగ చుట్టి ఉంది, అది తెగింది అని. మొహసిన్ చెప్పింది వేరు. కొక్కెం ఉంది, బాలి తన సద్ది సంచి దానికి తగిలించింది, సంచి తీయబోయి కొక్కెం ఎత్తేసింది అని. దెబ్బలు తగిలిన మిగతా వాళ్ళు ముందువైపుకు తిరిగి కూర్చున్నారు. వాళ్ళు ఏదీ చూడలేదు. ఒకరి మాట మీద ఒకరి మాట.

పగిడయ్య చేతులు దులుపుకున్నాడు. తర్వాత గడప దగ్గర నిలబడ్డ నా వైపు తిరిగాడు. గూడెంలో నన్ను బూబమ్మ అంటారు.

"ఇంత గొడవెందుకు? ఈ బండిని చూసి బూబమ్మ చేసిన ఎర్ర బొమ్మ ఉన్నది కదా. దసరా ముందట చేసింది. అప్పుడు ఏమున్నదో అదే ఉంటది అందుల. ఆమె చెయ్యి ఉన్నదే చేస్తది."

ఆదివారం గూడెంలో కూర్చుంటారట. బొమ్మ తీసుకుని రమ్మన్నాడు. అవ్ అన్నాను.

ఫిబ్రవరి 2, ఆదివారం

ముందు నా గురూర్, నా గర్వం సంగతి రాసుకోవాలి.

మా షెడ్డుకు రంగు కోసం వచ్చిన ప్రతి ట్రాలీనీ నేను టేపు పెట్టి కొలుస్తాను. అడుగుకు అరంగుళం లెక్క. నూనె డబ్బాల రేకుతో బాడీ, పాత హవాయి చెప్పుల అడుగుతో టైర్లు, మాత్రల అట్ట మీది బుడిపెలతో లైట్లు. రంగు మాత్రం బయట కొనను. అసలు బండికి కొట్టగా డబ్బా అడుగున మిగిలిందే వాడతాను. అందుకే బొమ్మా బండీ పక్కపక్కన పెడితే ఒక్క తల్లి పిల్లల్లా ఉంటాయి. డ్రైవర్లు అడిగి చేయించుకుని స్టీరింగు ముందు పెట్టుకుంటారు. నిమ్మకాయ, మిరపకాయ కట్టిన చోటే నా బొమ్మ కూడా ఉంటుంది.

ఎవరైనా నా బండికి సొట్ట ఉంది, బొమ్మకు పెట్టకు అంటే ఒప్పుకోను. ఒకసారి తల్లాడ నుంచి వచ్చిన ఒకాయన పగిలిన అద్దం అట్లాగే చేశానని అలిగి బొమ్మ వదిలేసి పోయాడు. మళ్ళీ వారం తిరక్కుండా వచ్చి తీసుకుపోయాడు. ఆ కథ పగిడయ్య పదిమందికి చెబుతాడు. బూబమ్మ సొట్ట కూడా దాయదు అని. వినీ విననట్టు ఉండేదాన్ని. లోపల మాత్రం తీపిగా ఉండేది.

మొహసిన్ బండి కొలిచిన రోజే చూశాను. వెనక డాలాకు ఒక పక్క కొక్కెం విరిగిపోయి, కట్టుతీగ చుట్టి ఉంది. వేయించుకో నాయనా, మనుషులను ఎక్కిస్తావు అన్నాను. మిర్చి అయిపోనీ అమ్మీ అన్నాడు. నేనూ ఊరుకున్నాను. బొమ్మకు కరెంటు వైరులోంచి ఒక పోగు తీసి, దీపం మసి పట్టించి, అట్లాగే చుట్టాను. కొస బయటికి పొడుచుకు వచ్చినట్టు ఉండేది, అది కూడా పెట్టాను. చూసుకుని మురిశాను.

దెబ్బలు తగిలిన రోజు సాయంత్రమే మా ఆయన ట్రాలీకి కొత్త కొక్కెం వెల్డింగ్ చేసి రంగు కొట్టారు. ఎవరితో మాట్లాడలేదు. మర్నాడు నేను బొమ్మకు ఉన్న తీగ విప్పి, పిన్నీసు ముక్క వంచి కొక్కెం పెట్టి రంగు వేశాను. సోమవారం రాసిన చిన్న పని అదే. మొహసిన్ చెప్పాడని చేశాను.

ఈ రోజు గూడెంలో చింతచెట్టు కింద అందరూ కూర్చున్నారు. నాగక్క ఒక పక్కగా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది. నేను బొమ్మకు చుట్టిన బట్ట విప్పుతుంటే మొహసిన్ కళ్ళు మూసుకున్నాడు. పగిడయ్య బొమ్మను అరచేతిలో పెట్టుకుని వెనక్కి తిప్పాడు. చిటికెన వేలి గోరుతో కొక్కెం ఎత్తితే డాలా పడింది. మళ్ళీ మూశాడు. బండిని అటూ ఇటూ ఊపాడు. పడలేదు.

"కొక్కెమే ఉన్నది. ఎత్తితేనే లేస్తది, దానంతట అది లేవదు" అన్నాడు. నన్ను ఇది అప్పటిదేనా అని కూడా అడగలేదు. అడిగితే ఏమనేదాన్నో. అడగలేదు.

మా ఆయన నా వైపు చూశారు. పెళ్ళయినప్పటి నుంచి ఆయన నన్ను ఎప్పుడూ అట్లా చూడలేదు.

ఒక ముసలామె, చెయ్యికి కట్టుతో ఉంది, నాగక్కతో అన్నది: "నీ బిడ్డ సద్ది సంచి మా అందరి ఎముకలు విరిచె గదనే." ఎవరో నవ్వారు. నాగక్క తల ఎత్తలేదు.

ఫిబ్రవరి 5

బొమ్మకు కొక్కెం పెట్టమని మొహసిన్ చెప్పాడు. నోటితో కాకపోయినా.

ఫిబ్రవరి 13, గురువారం

షబే బరాత్ పండగ. ఈ రోజు రాసింది రాసినట్టు పైకి పోతుందంటారు.

బాలిని ఇంటికి తెచ్చారని తెలిసి హల్వా చేసి గూడెం తీసుకుపోయాను. మంచం మీద వెల్లకిలా పడుకుని ఉంది. ఇరవై రెండేళ్ళ పిల్ల, ముఖం వాడిపోయింది. మిర్చి కోసే ముఠా ఆడవాళ్ళు ఒక్కరూ చూడటానికి రాలేదని నాగక్క చెప్పింది. వాళ్ళ కోపం వాళ్ళది, నా బిడ్డ చేసిన దానికి వాళ్ళూ పడ్డరు అంది. నా బిడ్డ చేసిన దానికి అని నాగక్క నోటితోనే అంది.

మా దగ్గర ఈ రోజు ఒక అలవాటు ఉంది. ఒకరి దగ్గరికి ఒకరు పోయి, అన్నదీ విన్నదీ మాఫ్ చెయ్యి అంటాం. ఎదుటివాళ్ళు చేశాను, నువ్వూ చెయ్యి అంటారు. పండగ మాట. ఎవరూ దేనికి అని అడగరు. నేను బాలి మంచం పక్కన కూర్చుని అదే అన్నాను.

"నాకు తెలియక గానీ తెలిసి గానీ ఏమైనా చేసి ఉంటే మాఫ్ చెయ్యి బిడ్డా."

బాలి నవ్వింది. "నువ్వేం జేసినవ్ బూబమ్మా. చేసిన తియ్, మాఫ్" అని హల్వా నోట్లో పెట్టుకుంది.

మనిషికి చేసిన తప్పు ఆ మనిషే మాఫ్ చెయ్యాలి, అల్లా కూడా ఆ మాట కోసం ఆగుతాడు అని మా అమ్మ అనేది. బాలి మాఫ్ అన్నది. తన నోటితో అన్నది. తిరిగి వస్తూ ఇక అయిపోయింది అనుకున్నాను. తేలికగా నడిచాను.

ఫిబ్రవరి 14

అది మాఫీ కాదు. నాకు తెలుసు.

ఫిబ్రవరి 22

తల్లాడ డ్రైవర్ తెల్ల పికప్ బొమ్మ అడిగి పోయాడు. రేకు కత్తిరించాను, తలుపులు వంచాను, ప్రైమర్ వేశాను. అంతవరకు బాగానే ఉంది. వెనకవైపు మొదలుపెట్టాను. చిన్న బ్రష్‌తో గీత గీస్తే పాములా పోతోంది. తుడిచి మళ్ళీ గీశాను. చివరికి చూస్తే డీజిల్ మూత రెండో పక్కకు పెట్టాను. ఎప్పుడూ జరగలేదు.

మా ఆయన చూసి, "వెనక ఏమీ చెయ్యకు, ఊరికే మూసెయ్" అన్నారు. ఇన్ని రోజుల్లో ఆ సంగతి మీద ఆయన అన్న మాట ఇది ఒక్కటే. ఆయనకు తెలుసు. ఆయనకు తెలుసని నాకు తెలుసు. అన్నం వడ్డిస్తాను, తింటారు.

ఎర్ర బండి అల్మారాలో ముఖం ఇటువైపు పెట్టి ఉంది. వెనకవైపు గోడకు. ఎవరు అట్లా తిప్పి పెట్టారో, నేనే అయి ఉంటాను.

మార్చి 2, ఆదివారం

రంజాన్ మొదటి రోజా. ఆకలి తెలియలేదు. అబద్ధం వదలని వాళ్ళ ఉపవాసానికి ఆకలి తప్ప ఏమీ దక్కదంటారు. నాకు ఆ ఆకలి కూడా దక్కలేదు.

మా అమ్మాయి ఫాయిజా పాలోంచ నుంచి ఫోన్ చేసింది. అమ్మీ, గొంతు ఎందుకు అట్లా ఉంది అంది. రోజా అన్నాను.

మార్చి 9

నాగక్క వచ్చింది. సంతకు ఇప్పపువ్వు తెచ్చి, పోతూ పోతూ మా గడప దగ్గర ఆగింది. లోపలికి రమ్మంటే రాలేదు, రోజా ఉన్నవ్ గద, నీళ్ళు కూడా అడగ అంది. నవ్వుతూనే అంది. తర్వాత గడప మీద కూర్చుంది.

బాలి మాట మార్చిందట.

ఇన్ని రోజులు తీగ, తీగ అని ఏడ్చిన పిల్ల, నిన్న పొద్దున తల్లిని పిలిచి, "అమ్మా, నేనే ఎత్తిన్నేమో. సద్ది సంచి కొక్కేనికే తగిలించినట్టు ఇప్పుడు కండ్లల్ల కనబడుతున్నది" అందట. రాత్రిళ్ళు ఆ కొక్కెమే కలలోకి వస్తోందట. ముఠా వాళ్ళ ఇళ్ళకు పోయి కాళ్ళు మొక్కుతా, నన్ను లేపి తీసుకపో అంటోందట.

"నేను అన్న బూబమ్మా, పోనీలే బిడ్డా, ఒప్పుకుంటే తేలికైతవ్ అని. తప్పంటవా?" అని నాగక్క నన్ను అడిగింది.

నేను ఆ కొక్కేన్ని పిన్నీసు ముక్కతో చేశాను. అది పోయి ఆ పిల్ల కళ్ళల్లో కూర్చుంది. ఆమె చూసిన దాన్ని చెరిపేసి అక్కడ నాది పెట్టాను.

నాగక్కతో, మొక్కించకు, ఆగు అన్నాను. అంతే అనగలిగాను. ఎందుకు అని అడగలేదు, నా మాటంటే ఆమెకు అంత నమ్మకం.

మార్చి 12

కొక్కెం తీసేశాను. కొత్త రంగు గీకాను. కింద దసరా నాటి రంగు కనబడింది, తీగ ఒరుసుకున్న చోట చిన్న మచ్చ ఉంది. ఆ మచ్చను నేను మర్చిపోయాను, బొమ్మ మర్చిపోలేదు. వైరు పోగుకు మసి పట్టించి చుట్టాను. కొస పొడుచుకు వచ్చేలా పెట్టాను. ఒక్కసారికే కుదిరింది.

మార్చి 16, ఆదివారం

సాయంత్రం అస్ర్ నమాజ్ చదివి, మొహసిన్‌ను బండి తియ్యమన్నాను. ట్రాలీ వద్దు, మోటార్ సైకిల్ అన్నాను. ఎక్కడికి అని అడగలేదు. నా ఒడిలో బట్టలో చుట్టి ఉన్నది చూశాడు. దారిలో ఒకచోట ఆగి, బట్ట మడత కొంచెం తీసి చూసి, మళ్ళీ మూసి, బండి నడిపాడు.

పగిడయ్య వాకిట్లో కూలీలు కల్లం నుంచి వచ్చి కూర్చున్నారు. నాగక్కను పిలిపించమన్నాను. నా గొంతు పెద్దది కాదు. అందుకని అందరూ దగ్గరికి జరిగారు. బట్ట విప్పి, వెనకవైపు వాళ్ళకు తిప్పి పెట్టాను.

"ఈ బండి దసరా నాడు ఇట్ల ఉండె. బాలి చెప్పిందే నిజం. కొక్కెం లేదు. తీగనే" అన్నాను.

పగిడయ్య బొమ్మ తీసుకుని తీగను చూశాడు. మచ్చను చూశాడు. చెయ్యికి కట్టున్న ముసలామె అతని భుజం మీద నుంచి వంగి చూసి, "అయ్యో" అని అక్కడే కూలబడింది.

"మరి ఆ రోజు కొక్కెం ఉండె గద బూబమ్మా" అన్నాడు పగిడయ్య. "ఎవరు మార్చిన్రు?"

ఇక్కడిదాకా నేను ఇంట్లో చాలాసార్లు అనుకుని పోయాను. నేనే అన్న మాట నాలుక మీద ఉంది. నోరు తెరిచాను. తెరిచాను, అది మాత్రం నిజం.

"నేను మార్చిన" అన్నాడు మొహసిన్ వెనక నుంచి. "అమ్మీకి తెల్వదు. ఆమె నమాజ్‌ల ఉన్నప్పుడు తీసి మార్చి పెట్టిన. కొక్కెం వేయించమని ఆమె నాకు ముందే చెప్పింది. నేనే ఇనలే. బాలి తప్పేం లేదు."

పగిడయ్య తల ఊపాడు. "అదీ సంగతి. ఆమె చెయ్యి అట్ల చెయ్యదని నాకప్పుడే అనిపించింది."

అందరూ నా వైపు జాలిగా చూశారు. కొడుకు మోసం చేసిన తల్లిని చూసినట్టు. మొహసిన్‌ను తిట్టారు. ఒకాయన కొట్టడానికి లేస్తే పగిడయ్య ఆపాడు. బాలి నడుము బాగయ్యేదాకా దవాఖానా తిప్పడం మొహసిన్ పని అన్నారు. స్టేషనుకు పోయి ఉన్నది చెప్పి రావాలి, ట్రాలీలో ఇక మనిషి ఎక్కడానికి లేదు అన్నారు. అన్నిటికీ అవ్ అన్నాడు. నాగక్క వచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది. కొడుకు మీద తల్లి నిజం చెప్పుడు ఎక్కడన్న ఉంటదా అని ఏడ్చింది.

నోరు మూసుకున్నాను. ఆమె చేతుల్లో నా చేతులు పెట్టుకుని నిలబడ్డాను.

వాడికి ఆ పని రాదు. చిన్నప్పుడు ఒకసారి నా బ్రష్ పట్టుకుని హెడ్‌లైట్ పగలగొట్టాడు. వాడి వేళ్ళకు పిన్నీసు ముక్క దొరకదు. అక్కడున్న వాళ్ళెవరికీ అది తట్టలేదు.

వాగు దగ్గర బండి ఆపమన్నాను. ఎందుకు అన్నావు అట్లా అని అడిగాను.

"నా మాట ఎట్లాగూ పోయింది అమ్మీ. నీ మాట ఒక్కటన్న ఉండని ఇంట్ల" అన్నాడు. మగ్రిబ్ అయితున్నది, రోజా విప్పాలె, జల్దీ ఎక్కు అన్నాడు. జేబులోంచి ఖర్జూరం తీసి నా చేతిలో పెట్టాడు.

మార్చి 17

ముఠా వాళ్ళు అందరూ కలిసి బాలిని చూడటానికి పోయారట. ముసలామె కోడిని తీసుకుపోయిందట.

మొహసిన్ స్టేషనుకు పోయి వచ్చాడు. కేసు రాశారు. వాడు అన్నం బాగా తిన్నాడు. నేను తినలేదు.

మార్చి 24

పగిడయ్య ఎవరికో చెబుతుంటే షెడ్డు వెనక నుంచి విన్నాను. బూబమ్మ సొట్ట దాయదు, కొడుకునూ దాయదు అని. చెవులు మూసుకున్నాను.

మార్చి 31, సోమవారం

ఈద్. నమాజ్ అయ్యాక షీర్ ఖుర్మా, ఎర్ర బండి తీసుకుని బాలి దగ్గరికి పోయాను. నిజం చెప్పడానికే పోయాను. ఈసారి దేనికి మాఫీ అడుగుతున్నానో చెప్పి అడగాలని.

బాలి ఇప్పుడు దిండు ఆనుకుని కూర్చుంటోంది. బొమ్మను ఒళ్ళో పెట్టుకుని వెనక్కి తిప్పింది. పొడుచుకు వచ్చిన కొస మీద వేలు పెట్టింది.

"ఇదే బూబమ్మా. ఈ కొస రోజూ నా వేలు గీసేది. ఇది ఉన్నదా లేదా అని నాకు పిచ్చి లేచె" అంది. దాన్ని చాలాసేపు అట్లా వేలితో తడుముతూ కూర్చుంది. తర్వాత అంది, "నీ కొడుకు తప్పు జేసిండు గని ఒప్పుకున్నడు. నువ్వు పాపం ఏమెరుగవు."

మాఫ్ చెయ్యి బిడ్డా అన్నాను. దేనికో చెప్పబోతున్నాను.

బాలి నవ్వింది. "ఆనాడే చేసిన గద. ఎన్నిసార్లు అడుగుతవ్?"

నాగక్క గిన్నె కడిగి ఇచ్చింది. తీసుకున్నాను. బొమ్మ నా దగ్గర ఉంచుకుంట అని బాలి అడిగితే ఉంచుకో అన్నాను. వచ్చేశాను.

ఏప్రిల్ 1

బొమ్మకు కొక్కెం పెట్టమని మొహసిన్ చెప్పలేదు. నోటితో గానీ కళ్ళతో గానీ చెప్పలేదు. ఆ రోజు గూడెంలో నేను బట్ట విప్పుతుంటే వాడు కళ్ళు మూసుకున్నాడు. తీగ బయటపడుతుందనే మూసుకున్నాడు. బయటపడనీ అని కూర్చున్నాడు. వాడు ఒప్పుకునేవాడేమో ఆ రోజే. కళ్ళు తెరిచి కొక్కెం చూసి వాడు ఉలిక్కిపడ్డాడు. అది చూసి కూడా ఇక్కడ వాడు చెప్పాడని రాశాను. మూడు మాటల్లో అబద్ధం, ఎవరూ చదవని చోట.

ఎవరూ చెప్పలేదు. నేనే చేశాను. బాలి పడ్డ మర్నాడు, ఆదివారం మధ్యాహ్నం జోహర్ నమాజ్ చదివి, కింద పరిచిన జానిమాజ్ మడిచి, లేచి పోయి చేశాను.

బాలికి చెప్పాలి. చెబుతాను. ఆమె లేచి నడిచే రోజు చెబుతాను అని అనుకుంటున్నాను, అది కూడా ఎంతవరకు నిజమో నాకు తెలియదు.

ఫాయిజా, నేను పోయాక రంగుల డబ్బాలు సర్దేది నువ్వే. ఈ డైరీ ప్రైమర్ డబ్బా కింద ఉంటుంది. పారెయ్యకు, కాల్చకు. మీ అన్నకు చూపకు, వాడు నా మాట ఉండాలని తన మాట పోగొట్టుకున్నాడు. మీ నాన్నకు చూపనక్కర లేదు. వేరే ఎవరికీ చూపకు. ఎర్ర బండి బాలి దగ్గర ఉంది, దాని వెనక తీగ ఉంది. దాని మీద కొన్నాళ్ళు కొక్కెం ఉన్నదని, అది పెట్టిన చెయ్యి నాదని ఈ కాగితాల్లో తప్ప ఎక్కడా రాసి లేదు. అందుకని ఉంచు.